రెండో ముల్లు దాటిన ఇప్పపువ్వు

ఇది మనుషులు లేని చోట జరిగింది కాబట్టి తొందరగానే తేలిపోయింది. మనలో అయితే ఈపాటికి ఇంకా వాయిదాలు నడుస్తూ ఉండేవి.

ఎర్రకొండ వెనక అడవిలో ఒక వాగుంది. ఇప్పపువ్వు రాలే రోజుల్లో బాగానే పారుతుంది. ఆ పువ్వు ఎండి గలగలలాడేసరికి వాగూ ఎండిపోతుంది. ఇక అక్కణ్ణుంచి వానలు పడేదాకా ఆ అడవికి నీళ్ళంటే గున్నమ్మే. గున్నమ్మ పై కొండ మీద ఉండే ముసలి ఏనుగు. ఏటా దిగివచ్చి వాగు ఇసకలో కాళ్ళతో, తొండంతో చెలమ తవ్వుతుంది. లోతుకి పోయేకొద్దీ తేట నీళ్ళు ఊరతాయి. ఇసక జారి పూడుకుపోతూ ఉంటే మళ్ళీ తోడుతుంది. ఆ చెలమ లేకపోతే రోడ్డు దాటి ఊళ్ళోకి పోయి, కుక్కల మధ్య, కర్రల మధ్య నీళ్ళు తాగి రావాలి. అలా వెళ్ళినవాళ్ళలో తిరిగొచ్చినవాళ్ళు తక్కువ.

తవ్వినన్నాళ్ళూ గున్నమ్మకి తిండి పెట్టాల్సింది అడవే. అంత ఒంటికి ఆకులు సరిపోవు, అందుకని అందరూ ఏరుకున్న ఇప్పపువ్వులోంచి కొంత తీసిపెడతారు. దానికో పద్ధతుంది. వాగు ఒడ్డున పెద్ద బండ మీద ఎవరి పువ్వు వాళ్ళు వరసగా పోసుకుంటారు. సూరమ్మ అనే ముళ్ళపంది వచ్చి, మూడు తట్టల దగ్గర తన ముల్లొకటి గుచ్చుతుంది. పది తట్టల దగ్గర ఇంకో ముల్లు. మొదటి ముల్లు ఇవతల ఉన్నది కడుపు కూడు, దాన్ని ఎవరూ ముట్టుకోరు. ఆ ముల్లు దాటాక తట్టకి దోసెడు గున్నమ్మకి. రెండో ముల్లు కూడా దాటిందనుకోండి, ఆ దాటినదాంట్లో సగం గున్నమ్మకి. బండ మీద అబద్ధం చెప్పినవాడు ఆ వేసవంతా అందరి తరవాతే నీళ్ళు తాగాలి. ఇంతే పద్ధతి.

ఈ పద్ధతంటే మన బుల్లబ్బాయికి ఒళ్ళుమంట.

బుల్లబ్బాయి ఎలుగుబంటి. పుట్టినప్పుడు గుప్పెడంత ఉన్నాడని వాళ్ళమ్మ ముచ్చటపడి పెట్టిన పేరు, తరవాత ఆ పేరు అక్కడే ఉండిపోయింది, అతను మాత్రం ఉండలేదు. చెట్టెక్కి కొమ్మ ఊపాడంటే కింద వాన కురిసినట్టే. ఏటా పది తట్టలు పోగేసేవాడు. దోసిళ్ళ లెక్క జరిగేటప్పుడు బండ మీదే గుర్రుపెట్టి నిద్రపోయేవాడు. లేచి చూసుకుంటే ఏడు దోసిళ్ళు తక్కువుండేవి. ఆ ఏడు దోసిళ్ళ గురించి తరవాత వానలు పడేదాకా గొణిగేవాడు.

ఆ ఏడాది పువ్వు విరగబూసింది. బుల్లబ్బాయికి పధ్నాలుగు తట్టలు తేలాయి. పుట్టి బుద్ధెరిగాక రెండో ముల్లు దాటడం అతనికి అదే మొదలు. ఆనందంతో కుప్ప చుట్టూ రెండుసార్లు తిరిగాడు, ఇంకోసారి తిరగబోతే కళ్ళు తిరిగి కూచున్నాడు.

సరిగ్గా అప్పుడే గవర్రాజు వచ్చాడు. గవర్రాజు నక్క. ఆ అడవిలో ఒక్క పువ్వు కూడా వంగి ఏరనివాడు అతనొక్కడే. అందుకని ఏ ముల్లూ అతని జోలికి వచ్చేది కాదు. అయినా ముళ్ళ గురించి అతనికి తెలిసినంత ఇంకెవరికీ తెలియదని అందరూ అనుకునేవారు, ఎందుకంటే అతనే అలా చెప్పుకునేవాడు.

రాగానే కుప్ప చూసి, ఎవరో పోయిన ఇంటికొచ్చినట్టు నిట్టూర్చాడు. ఏమైందని బుల్లబ్బాయి అడిగితే, అబ్బే ఏం లేదన్నాడు. మళ్ళీ నిట్టూర్చాడు. ఇక బుల్లబ్బాయి ఊరుకోలేకపోయాడు.

"ఏవీ అనుకోనంటే చెప్తానండి బావగారూ," అన్నాడు గవర్రాజు. "రెండో ముల్లు దాటితే మొత్తం కుప్పలో సగం పోద్దండి. పధ్నాలుగులో సగమంటే ఏడు. తవరికి మిగిలేది ఏడు. అదే పది కాడ ఆగిపోయినోడికి తొమ్మిదికి పైన మిగుల్తాయండి. మరి ఆ నాలుగు తట్టలూ ఎక్కువ ఏరి తవరేం బావుకున్నట్టు?"

బుల్లబ్బాయి వేళ్ళు మడిచి చూసుకున్నాడు. కాలి వేళ్ళు కూడా కలుపుకున్నాడు. లెక్క నిజమే. కష్టపడి ఎక్కువ ఏరినందుకు తక్కువ మిగులుతోంది. ఒక్కసారిగా అతనికి చెట్లెక్కినప్పుడు చీమలు కుట్టిన చోట్లన్నీ మళ్ళీ మండాయి.

"సూరమ్మ పిన్నిని అడిగొత్తాను," అని లేచాడు.

"అడగండి. పదికి పైన ఉన్నాయని తవరే సెప్పినట్టవుద్ది."

బుల్లబ్బాయి కూచున్నాడు.

గవర్రాజు మెల్లిగా ఇంకో మాట అందించాడు. అవతల నూకయ్య అనే కుందేలు మూడు తట్టలకి మించి ఏరడు, పువ్వు కూడా ఇవ్వడు, నీళ్ళు మాత్రం అందరికంటే ముందొచ్చి తాగుతాడు. తమలాంటివాళ్ళు చెట్లెక్కాలి, నడుములు విరగ్గొట్టుకోవాలి, అలాంటివాళ్ళు పొదలో కూచుని చెవులు ఊపుతూ ఉండాలి. ఇదేం న్యాయమో తన చిన్న బుర్రకి అందడం లేదన్నాడు. అది అచ్చంగా బుల్లబ్బాయి మనసులో ఎప్పట్నుంచో ఉన్న మాటే. మన మనసులో మాట ఇంకొకడి నోట్లోంచి వస్తే వాడు మహా తెలివైనవాడిలా కనిపిస్తాడు. బుల్లబ్బాయి గవర్రాజుని కౌగిలించుకున్నంత పని చేశాడు.

మరి ఈ నాలుగు తట్టలూ ఏం చెయ్యాలంటే, లెక్క అయ్యేదాకా ఎక్కడైనా దాచాలన్నాడు గవర్రాజు. ఎక్కడ దాచాలంటే, తనకి తెలియదన్నాడు. బతిమాలగా బతిమాలగా, బావగారి కోసం కాబట్టి తన గుహలో చోటిస్తానని ఒప్పుకున్నాడు. నాలుగు తట్టలూ బుల్లబ్బాయే మోసుకెళ్ళి పెట్టాడు. పైగా చోటిచ్చినందుకు దండం కూడా పెట్టొచ్చాడు.

ఆ మధ్యాహ్నం నుంచి గవర్రాజు కాలికి తీరిక లేదు. అడవిపంది దగ్గర నిట్టూర్చాడు. దుప్పుల దగ్గర నిట్టూర్చాడు. కోతులకి అంత ఓపిక ఉండదు కాబట్టి అక్కడ నిట్టూర్పు మానేసి నేరుగా లెక్క చెప్పాడు. కలిగినవాళ్ళ దగ్గర లేనివాళ్ళని తిట్టాడు, లేనివాళ్ళ దగ్గర కలిగినవాళ్ళని తిట్టాడు. అందరూ ఒకరికి తెలియకుండా ఒకరు అతని గుహకి తట్టలు మోసుకుంటూ వెళ్ళారు. ఆ గుహ ముందు దారి నున్నగా అయిపోయింది.

లెక్క రోజున సూరమ్మ బండ మీదికి వచ్చి తెల్లబోయింది. పోయినేడు కంటే పువ్వు రెండింతలు పూసిందని ఆమె కళ్ళతో చూసింది. కుప్పలు చూస్తే ఎవరివి చూసినా కొలిచి కోసినట్టున్నాయి. పెద్దవాళ్ళవన్నీ సరిగ్గా పది తట్టలు, రెండో ముల్లుకి వెంట్రుకవాసి ఇవతల. చిన్నవాళ్ళవన్నీ సరిగ్గా మూడు తట్టలు, మొదటి ముల్లుకి ఇవతల. ఇంతేనా అని ఒక్కొక్కర్నీ అడిగింది. ఇంతే అన్నారు. బుల్లబ్బాయి ఆ రోజు నిద్రపోలేదు. ఆకాశం వైపు చూస్తూ, ఇంతే పిన్నీ, అన్నాడు.

గున్నమ్మ వచ్చింది. తన వాటా చూసింది. తొండం ఒకసారి అటు తిప్పి, ఒకసారి ఇటు తిప్పేసరికి వాటా అయిపోయింది. వాగులోకి దిగి మోకాలి లోతు తవ్వింది. ఇసక చెమ్మగా తగిలింది, నీళ్ళు రాలేదు. అక్కడితో పైకొచ్చి కూలబడింది.

"నాకు కోపమేం లేదమ్మా," అంది. "కడుపులో ఏం లేకుండా ఈ కాళ్ళు లెగవట్లేదు."

రెండు రోజులు చూశారు. చెమ్మ ఇసక చుట్టూ చేరి నాకారు. నల్లటి బొచ్చు కప్పుకుని ఎండలో నిలబడ్డ బుల్లబ్బాయికి నాలుక అంగిట్లో అతుక్కుపోయింది. ఊరివైపు పోవాలా అని ఎవరో అన్నారు. ఆ మాటకి దుప్పులు వణికాయి. బుల్లబ్బాయికి ఇక తట్టుకోవడం వల్ల కాలేదు. ఎవరిమీదో ఒకరిమీద విరుచుకుపడాలి. ఎదురుగా నూకయ్య కనిపించాడు.

"ఇదంతా నీలాంటోళ్ళ వల్లేరా," అన్నాడు. "జన్మలో ఒక్క దోసెడు ఇచ్చిన మొహమేనా నీది? ఏడు దోసిళ్ళు ఇచ్చాను నేను. నీళ్ళకి మాత్రం ముందొత్తావు."

నూకయ్య మామూలుగా ఎలుగుబంటి కనిపిస్తే పొదలోకి దూరే రకం. ఆ రోజు దాహమో ఏమో, దూరలేదు.

"నా మూడు తట్టల్లోంచి తీత్తే నా పిల్లలకి వానాకాలం దాకా గింజుండదండి. తవరి పధ్నాలుగో తట్ట తీత్తే తవరికేవవుద్ది? ఏటా ఆ మిగిలింది పులిసిపోయి, అది తిని చెట్టు మీద నించి పడతారు. మేమందరం చూడ్డం లేదేంటండీ?"

నాకు పధ్నాలుగున్నాయని నీకెవరు చెప్పారని అడగాల్సింది. బుల్లబ్బాయికి ఆ ఆలోచన రాలేదు, చెట్టు మీద నుంచి పడే సంగతి అందరికీ తెలుసన్న దగ్గరే ఆగిపోయాడు. ఇంతలో గున్నమ్మ కూచున్న చోట్నుంచే అంది. ఈ నూకయ్య తాగితే చెలమలో నీళ్ళు తగ్గినట్టే తనకి తెలియదట. బుల్లబ్బాయి తాగి వెళ్ళాక మాత్రం మళ్ళీ మొదట్నుంచీ తోడాలిట. కోతులు కిచకిచా నవ్వాయి. అంత దాహంలోనూ నవ్వాయి.

బుల్లబ్బాయికి మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అయినా తగ్గలేదు. అంత మనసున్నవాడివి నువ్వెందుకు ఏదీ ఇవ్వలేదని మళ్ళీ నూకయ్యనే అడిగాడు.

"ఈ ఏడు ఇద్దామనుకున్నానండి," అన్నాడు నూకయ్య. "మూడున్నర తట్టలయ్యాయి నాకు. నా కుప్పలో కూడా ముల్లు దిగుద్దని, పిల్లల్ని ముందు నిలబెట్టి చూపిద్దామనుకున్నాను. గవర్రాజుగారు వచ్చి, ముల్లు దాటితే కడుపు కూడులోంచి కూడా తీత్తారన్నారు. ఆ అర తట్టా ఆయన గుహలో పెట్టేశాను."

బుల్లబ్బాయి వంగి నూకయ్య మొహంలోకి చూశాడు.

"నీక్కూడా చెప్పాడా?" అన్నాడు.

అడవిపంది దగ్గింది. దుప్పులు ఒకదాన్నొకటి చూసుకున్నాయి. కోతులు చెట్టు పైకొమ్మకి పోయి, అక్కణ్ణుంచి, మాక్కూడా చెప్పాడని ఒప్పుకున్నాయి. అలా ఒక్కొక్కటే బయటపడుతుంటే సూరమ్మ ముళ్ళన్నీ నిక్కబొడుచుకున్నాయి. వాగులో గులకరాళ్ళు పధ్నాలుగు తెచ్చి బుల్లబ్బాయి ముందు వరసగా పెట్టింది. మూడింటి దగ్గర ఒక ముల్లు, పదింటి దగ్గర ఒక ముల్లు. రెండో ముల్లు అవతల నాలుగు రాళ్ళే ఉన్నాయి. అందులోంచి రెండు పక్కకి జరిపింది.

"ఇదిరా సగమంటే. ఇవతల వాటికి దోసెడేగానీ సగం లేదు. ఏటా ఇక్కడే పడుకుంటావు, ఒక్కసారైనా కళ్ళు తెరిచి చూశావా?"

బుల్లబ్బాయి ఆ నాలుగు రాళ్ళనీ చూశాడు. రెండు తట్టలు మిగుల్చుకోవడానికి నాలుగు తట్టలు మోసుకెళ్ళి నక్కకిచ్చి, దండం కూడా పెట్టొచ్చాడు. ఏడుపొచ్చింది. తరవాత ఎందుకో నవ్వొచ్చింది. ఆ నవ్వు నూకయ్యకి అంటుకుంది, అతణ్ణుంచి అందరికీ అంటుకుంది. దాహంతో ఎండిన గొంతులతో అందరూ ఎక్కిళ్ళు వచ్చేదాకా నవ్వారు.

అందరూ కలిసి గుహకి పోయారు. దగ్గరికి వెళ్తుంటేనే తీపి వాసన. ముప్పై తట్టల పువ్వు ఆ ఇరుకులో ఉక్కకి చెమ్మెక్కి పులవడం మొదలైంది. పీలిస్తేనే మత్తు. కుప్ప మీద గవర్రాజు కాళ్ళు బారజాపుకుని ఉన్నాడు. ఇంతమంది వచ్చినా అదరలేదు.

"తవరిదంటారేంటండీ?" అన్నాడు. "బండ మీద, అంతమంది ముందు, ఇంతే ఉందని తవరే చెప్పారు. మరి ఇది తవరిదెలా అవుద్ది? అప్పుడు అబద్ధం ఆడామని ఒప్పుకోండి. అందరి తరవాత నీళ్ళు తాగండి."

అందరూ తలలు దించుకున్నారు. గవర్రాజు కాలు మీద కాలు వేసుకున్నాడు. ఆ కాలు ఊగుతూ ఉంటే చూస్తున్న బుల్లబ్బాయికి, పుట్టినప్పట్నుంచీ మొదటిసారి, ఒక ఆలోచన వచ్చింది. వచ్చినట్టు అతనికే వెంటనే నమ్మకం కలగలేదు. ఇంకోసారి వాసన పీల్చి ధైర్యం తెచ్చుకున్నాడు.

"గవర్రాజు చెప్పిందే నిజం," అన్నాడు. "ఇది మాది కాదు. ఆయనదే. ఈ ఏడు అడవిలో కల్లా పెద్ద కుప్ప గవర్రాజుగారిది. పదండి, బండ మీదికి మోసుకెళ్దాం."

జనానికి సగం అర్థమైంది, సగం కాలేదు. కానీ ఆ మత్తులో ఎవరు ఏం చెప్పినా చేసేలా ఉన్నారు. తట్టలన్నీ ఎత్తుకున్నారు. కోతులు పల్టీలు కొట్టాయి, అడవిపంది పాట ఎత్తుకుంది, ఆ రాగానికి దుప్పులు చెవులు మూసుకున్నాయి. అన్నిటికీ ముందు గవర్రాజు తోక ఎత్తి నడిచాడు. అడవిలో పెద్ద కుప్ప తనదంటే కాదనడానికి అతనికి నోరు రాలేదు. అంత బావుందా మాట.

బండ మీద పోసేసరికి కుప్ప ఈ చివర నుంచి ఆ చివరికి వచ్చింది. సూరమ్మ మూడు తట్టల దగ్గర ముల్లు గుచ్చింది. పది తట్టల దగ్గర ఇంకోటి గుచ్చింది. రెండో ముల్లు అవతల ఇరవై తట్టలున్నాయి.

ముందు దోసిళ్ళు తీశారు. మొదటి దోసెడుకే గవర్రాజు చెవి అదిరింది. ఏడో దోసెడుకి ముందుకొచ్చి నిలబడ్డాడు. తరవాత రెండో ముల్లు అవతలి నుంచి తట్టలు గున్నమ్మ వైపు కదిలాయి. ఒకటి. రెండు. మూడో తట్ట కదిలేసరికి గవర్రాజు గొంతు లేచింది. ఇదేం న్యాయమన్నాడు. ఎంత కష్టపడితే పోగయిందో ఎవరికైనా తెలుసా అన్నాడు. ఎండలో ఇల్లిల్లూ తిరిగానన్నాడు. ఎవరో నూకయ్య తాగే నీళ్ళకి తనెందుకు ఇవ్వాలన్నాడు. ఆ మాటలన్నీ వింటుంటే బుల్లబ్బాయికి ఒళ్ళు కంపరమెత్తింది. ఒక్కటి పొల్లుపోకుండా అన్నీ తనవే.

"అంతా పోదుగదా బావా," అన్నాడు బుల్లబ్బాయి. అతని గొంతులో నిజంగానే జాలి ఉంది. "పదే పోతాయి. పంతొమ్మిదికి పైన నీకే మిగుల్తాయి. ఈ బండ మీద అంత ఎవడికీ లేదు."

అది నిజం. అక్కడ నోరు మూసుకుని నిలబడి ఉంటే, ఆ రోజుకి అడవిలో గవర్రాజంత కలిగినవాడు ఇంకొకడు ఉండేవాడు కాదు. కానీ గవర్రాజు కళ్ళకి ఆ పంతొమ్మిది ఆనలేదు. కదిలిపోతున్న పదే కనిపిస్తున్నాయి. నాలుగో తట్ట లేచింది. ఐదోది లేచింది. ఆరో తట్ట మీదికి గవర్రాజు ఒక్క గెంతు గెంతి, నాలుగు కాళ్ళతో వాటేసుకున్నాడు.

"ఇయ్యి నాయి కావు," అని అరిచాడు. "ఇయ్యన్నీ ఈళ్ళయ్యి. నా దగ్గర దాచుకున్నారు. నేను బీదోణ్ణి, నాకొక్క తట్టయినా లేదు. నా దగ్గర ఎలా తీత్తారు?"

సూరమ్మ రెండు ముళ్ళూ పీకి చేత్తో పట్టుకుంది. బండ మీద అన్న మాటేనా అని అడిగింది. బండ మీద మాటేనని గవర్రాజు ఒట్టు కూడా వేశాడు. ఒట్టు వేసి, ఆ నోరు మూసుకోకముందే, తనేం అన్నాడో అతనికి తెలిసింది. అప్పటికే అడవిపంది తన తట్టలు గుర్తుపట్టి లాక్కుంటోంది.

అందరికీ ఎవరిది వాళ్ళకి వచ్చింది. ముల్లు దాటినదాంట్లోంచి గున్నమ్మకి పోవాల్సింది పోయింది. బుల్లబ్బాయి నాలుగు తట్టల్లో రెండు పోతే రెండు మిగిలాయి. సగం అన్నది ఇప్పటికీ కొంచెం ఎక్కువేనని గొణిగాడు. వచ్చే ఏడు నిద్రపోకుండా కూచుని బండ మీద ఆ మాట అడగమంది సూరమ్మ. సరేనన్నాడు. నూకయ్య అర తట్ట ముందు ముల్లు దిగినప్పుడు పిల్లలందర్నీ వరసగా నిలబెట్టాడు. పోయింది అర దోసెడే. ఆ గర్వం మాత్రం పది తట్టల్లో కూడా పట్టేది కాదు.

పులిసిన పువ్వు తిన్న గున్నమ్మ ఆ సాయంత్రం తవ్వడం మొదలుపెట్టి, ఎక్కడ ఆపాలో మర్చిపోయింది. ఊగుతూ, ఏదో పాత పాట కూనిరాగం తీస్తూ, పోయినేడుకి రెండింతలు చెలమ తవ్వింది. నీళ్ళు బుడబుడమని లేచాయి. అబద్ధం చెప్పినవాళ్ళు ఆఖర్న తాగాలి కదా. చూస్తే సూరమ్మ తప్ప నిజం చెప్పినవాళ్ళే లేరు. ఆవిడ ఒక్కతే ముందు దిగి, మిగతా అడవంతా ఒడ్డున నాలుకలు చాపుకుని చూస్తూ ఉంటే, తీరుబడిగా, మధ్యమధ్య ఆగి రుచి చూసుకుంటూ తాగింది. తరవాత తోపులాట, ఈలలు, ఒకరి మీద ఒకరు నీళ్ళు చల్లుకోవడం. బుల్లబ్బాయి మెడ లోతు దిగి కూచుంటే నూకయ్య పిల్లలు అతని వీపెక్కి అక్కణ్ణుంచి దూకారు.

అందరూ వెళ్ళాక గవర్రాజు వచ్చాడు. పొదల పక్కనుంచి, ఎవరూ చూడకుండా. బుల్లబ్బాయి ఇంకా నీళ్ళలోనే ఉన్నాడు. కొంచెం జరిగి చోటిచ్చాడు.

"తాగు బావా, మొహమాటపడకు," అన్నాడు. "నీకేదీ లేదుగా. లేనోళ్ళ దగ్గర మేం ఏమీ తీసుకోం."

ముల్లు అవతలి దాంట్లో సగం వదులుకోలేనివాడికి ముల్లు ఇవతలిది కూడా దక్కదు.